58 నిండితే పెన్షన్ ఇప్పుడే పెట్టాలా, 60 దాకా ఆగాలా? పని మానకుండా తీసుకోవచ్చా?

అడిగింది క్లుప్తంగా ఇదీ: "రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో మా నాయన 1998 జూన్ నుంచి పనిచేస్తున్నాడు. రెండు నెలల్లో 58 నిండుతాయి. బేసిక్, డీఏ కలిపి 18,000, అన్నీ కలిపితే 20,500. రిటైర్ చేసి, మరుసటి రోజు నుంచే కాంట్రాక్టర్ కింద 14,000కు అదే పనికి రమ్మంటున్నారు. పెన్షన్ 60 దాకా ఆగితే ఎక్కువ వస్తుందంట, నిజమేనా? పని చేస్తూ పెన్షన్ తీసుకుంటే తప్పా? పీఎఫ్ మొత్తం తీసేసుకోమంటున్నారు, తీసేయాలా?"

ముందు జవాబు చెప్పేస్తాను. పెన్షన్ 58 నిండగానే పెట్టేయండి. పని చేస్తూ కూడా ఆ పెన్షన్ తీసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. గ్రాట్యుటీ ఇప్పుడే, పాత కంపెనీ దగ్గరే, పూర్తిగా తీసుకోండి. పీఎఫ్ మాత్రం, మీ నాయన ఇంకా పని చేసేటట్టయితే, మొత్తం తీసేయకండి. ఎందుకో కింద రాస్తున్నాను. కాస్త పొడవు అవుతుంది, ఓపిగ్గా చదవండి. ఇందులో ఒక్క సంతకం తప్పు చోట పడితే లక్ష రూపాయలు పోతుంది. అట్లా పోగొట్టుకున్నవాళ్లను చూసే రాస్తున్నా.

నేను ఆ రేణిగుంట రోడ్డులోనే ఒక ఫ్యాక్టరీ టైం ఆఫీసులో 26 ఏళ్లు పనిచేశాను. పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా), గ్రాట్యుటీ కాగితాలన్నీ నా బల్ల మీద నుంచే వెళ్లేవి. నేనూ 58కే రిటైరయ్యాను. ఐదేళ్లుగా తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర చిన్న గది పెట్టుకుని ఇవే కాగితాలు రాస్తున్నాను.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది 58 అంటే ఒకటే తలుపు అనుకుంటారు. అది మూసుకుంటే ఉద్యోగం, పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ అన్నీ ఒక్కసారే అయిపోతాయని వాళ్ల లెక్క. నిజానికి అవి నాలుగు వేర్వేరు లెక్కలు. 58 నిండిన రోజు, మనం కోరి కొనసాగిస్తే తప్ప, చట్టప్రకారం ఆగిపోయేది ఒక్కటే, పెన్షన్ ఖాతాకు కట్టే కోత. ఉద్యోగం ఆగాలా వద్దా అన్నది కంపెనీ నిబంధనను బట్టి ఉంటుంది. పీఎఫ్ మనిషి పనిలో ఉన్నంతకాలం నడుస్తుంది. గ్రాట్యుటీ ఆ కంపెనీ సర్వీసు ముగిసిన రోజు లెక్కకొస్తుంది.

ముందు 58 అన్నది ఎక్కడ రాసి ఉందో చూడండి. "గవర్నమెంటోళ్లకు 62 కదా సార్, మావోళ్లకు 58 ఏంది?" అని నెలకు నలుగురైనా అడుగుతారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరి నుంచి 62కి పెంచారు. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది, 1983లో అదే వయసును 58 నుంచి 55కు తగ్గించారు. వేలమంది ఒక్కసారిగా ఇంటికెళ్లారు, ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, తర్వాత మళ్లీ 58 చేశారు. పెంచినా తగ్గించినా అది ప్రభుత్వ కొలువుల సంగతి. ప్రైవేటు ఫ్యాక్టరీకి ఆ 62 వర్తించదు. ఫ్యాక్టరీలో వయసు తేల్చేవి స్టాండింగ్ ఆర్డర్స్ (కంపెనీ రాసుకున్న పని నిబంధనలు), అపాయింట్‌మెంట్ ఆర్డరు, యూనియన్‌తో జరిగిన ఒప్పందం. వీటిలో ఎక్కడైనా 60 అని రాసి ఉంటే 58కే పంపడం చెల్లదు. చాలా కంపెనీల్లో 58 అనే ఉంటుంది. అయినా మీ నాయనను అపాయింట్‌మెంట్ ఆర్డరు ఒకసారి ట్రంకుపెట్టెలోంచి బయటికి తీయమనండి. 1998 నాటి కాగితం ఇప్పుడు ఎవరూ చదవరు, అందులో ఏముందో తెలియకుండానే సంతకం పెట్టేస్తారు.

ఇక పెన్షన్ లెక్క. మన పీఎఫ్ పెన్షన్ పథకం 1995 నవంబరు 16న మొదలైంది. కంపెనీ కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కు పోతుంది, మిగతా 3.67 మాత్రమే పీఎఫ్‌లో పడుతుంది. ఆ 8.33 కూడా పూర్తి జీతం మీద కాదు, ఒక పరిమితి మీద. 2001 జూన్ నుంచి ఆ పరిమితి 6,500, 2014 సెప్టెంబరు 1 నుంచి 15,000. అంటే జీతం ఎంత ఉన్నా నెలకు పెన్షన్ ఖాతాలో పడేది 1,250 దాటదు.

సూత్రం తేలికే: చివరి 60 నెలల సగటు జీతాన్ని (పరిమితికి లోబడి) సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. అందరూ ఇక్కడే పొరపాటు పడతారు. 15,000ను 28తో గుణించి 70తో భాగిస్తే 6,000 వస్తుంది కదా అని మీ నాయన అనుకుంటూ ఉండొచ్చు. అంత రాదు. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసును 6,500 పరిమితితో, తర్వాతి సర్వీసును 15,000 పరిమితితో విడివిడిగా లెక్కిస్తారు. ఆయనకు ముందు భాగం 16 ఏళ్ల మూడు నెలలు, దానికి 1,500 చిల్లర. తర్వాతి భాగం పదకొండేళ్ల పైన, దానికి 2,450 దగ్గర. 20 ఏళ్లు దాటిన సర్వీసుకు రెండేళ్లు బోనస్‌గా కలుపుతారు. అన్నీ కలిపి నెలకు సుమారు 4,200. వంద అటూ ఇటూ తేడా ఉండొచ్చు, పీఎఫ్ పాస్‌బుక్‌లో జీతం లేని రోజులు చూపి ఉంటే ఇంకొంచెం తగ్గొచ్చు.

ఈ అంకె చెప్పినప్పుడల్లా నా బల్ల ముందు కూర్చున్నవాళ్ల మొహాలు చూడలేను. 27 ఏళ్లు ప్రతి నెలా కోత పడిన మనిషికి వచ్చేది, మన రాష్ట్రంలో ఏ కోతా కట్టని పేద వృద్ధులకు ఇస్తున్న 4,000 భరోసా పెన్షన్‌కు కాస్త పైన. ఆ నాలుగు వేలు ఎక్కువని నేననను, ఆ ముసలివాళ్లకు అది అన్నం. కార్మికుడి పెన్షన్ ఇంత తక్కువగా ఉండటమే నా బాధ. ఈ పథకంలో కనీస పెన్షన్ 2014లో 1,000 చేశారు, అదే ఇప్పటికీ నడుస్తోంది. పైగా ధరలు పెరిగితే పెరిగే డీఏ దీనికి లేదు. మొదటి నెల ఎంత వస్తుందో పదేళ్ల తర్వాతా అంతే. అందుకే ఎప్పుడు మొదలుపెడతామన్నది ఇంత ముఖ్యం.

60 దాకా ఆగితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుందన్న మాట నిజమే. ఆ అవకాశం 2016లో వచ్చింది. లెక్క చూడండి. రెండేళ్లాగితే 4,200 మీద నెలకు ఇంకో 336 వస్తుంది. దానికోసం వదులుకునేది 24 నెలల పెన్షన్, అంటే 1,00,800. నెలకు 336 చొప్పున ఆ డబ్బు తిరిగి రావడానికి 300 నెలలు పడుతుంది. 60 తర్వాత పాతికేళ్లు. మీ నాయనకు 85 వచ్చేసరికి చేతికి వచ్చిందీ పోయిందీ సమానమవుతాయి, వడ్డీ కలపకుండానే. ఆయన నూరేళ్లు బతకాలని నేనూ కోరుకుంటా. కానీ కొలిమి దగ్గర, షిఫ్టుల్లో ముప్పై ఏళ్లు గడిపిన ఒళ్లు గురించి మాట్లాడుతున్నాం.

ఇంకో దారి ఉంది, అదీ చెప్పకపోతే అన్యాయం. ఆగడమే కాక, ఆ రెండేళ్లూ పెన్షన్ కోత కూడా కట్టిస్తూ పోవచ్చు. అప్పుడు సర్వీసు రెండేళ్లు పెరిగి, పైన 8 శాతం కలిసి నెలకు 800 దాకా ఎక్కువ రావచ్చు. దానికోసం లక్ష పెన్షన్, పీఎఫ్‌లో పడాల్సిన 30,000 వదులుకోవాలి. ఇది 73, 74 ఏళ్ల దగ్గర సమానమవుతుంది. అయితే ఈ లెక్క జీతం 15,000 పైన ఉన్నవాళ్లకు. మీ నాయనకు ఇస్తామంటున్నది 14,000, అదీ అంతా బేసిక్ కాకపోవచ్చు. చివరి 60 నెలల సగటు కూడా కిందికి దిగుతుంది. జీతం బాగా ఉండి, ఆరోగ్యం గట్టిగా ఉండి, అదే కంపెనీలో పర్మనెంటుగా 60 దాకా ఉండేవాళ్లు దీని గురించి ఆలోచించవచ్చు. మీ విషయంలో నేను వద్దనే అంటాను.

పని చేస్తూ పెన్షన్ తీసుకోవడం గురించి: 50 నుంచి 58 లోపు ముందస్తుగా, ఏడాదికి 4 శాతం కోతతో తీసుకునే పెన్షన్‌కు ఉద్యోగంలో ఉండకూడదన్న షరతు ఉంది. దాన్నే జనం 58 తర్వాతి పెన్షన్‌కూ అంటగట్టేశారు. 58 నిండాక ఆ షరతు లేదు. అదే కంపెనీలో ఉన్నా, కాంట్రాక్టర్ కింద ఉన్నా, లాడ్జిలో మేనేజరుగా చేరినా పెన్షన్ ఆగదు.

పీఎఫ్ మొత్తం తీసేయమనేది ఎవరు చెబుతున్నారో గమనించండి. కాంట్రాక్టరు మనుషులైతే కారణం ఉంటుంది. 55 దాటి రిటైరైన మనిషి పీఎఫ్ పూర్తిగా తీసేసుకుంటే, ఆ తర్వాత చేరిన చోట అతన్ని పీఎఫ్‌లో చేర్చాల్సిన బాధ్యత యజమానికి ఉండదు. నియమాల్లో అతన్ని మినహాయింపు ఉద్యోగి కింద లెక్కిస్తారు. పీఎఫ్ ఖాతాలో డబ్బు అట్లే ఉన్న మనిషి అయితే సభ్యుడే, చేర్చి తీరాలి. పైగా 58 దాటాక పెన్షన్‌కు పోయే 8.33 ఉండదు కాబట్టి యజమాని కట్టే 12 శాతం అంతా ఆయన పీఎఫ్‌లోనే పడాలి.

మా ఫ్యాక్టరీలో ఒక ఫిట్టర్ ఉండేవాడు. చేతిపని బంగారం. రిటైరవగానే చిన్నకూతురి పెళ్లికని పీఎఫ్ మొత్తం తీశాడు. మర్నాడు కాంట్రాక్టరు కింద చేరాడు, ఆరేళ్లు చేశాడు. ఒక్క నెల పీఎఫ్ కట్టలేదు. చివర్లో నా దగ్గరికొచ్చి, "ఏం సార్, ఆరేళ్లకు ఏమీ రాదా?" అన్నాడు. జీతం 14,000 అనుకున్నా యజమాని వాటా 1,680, ఆరేళ్లకు 1,20,960. చట్టప్రకారం నేను చూపించగలిగింది ఏమీ లేకపోయింది. పెళ్లికి కావాల్సినంతే తీసుకుని ఖాతాను బతికి ఉంచుకోమని రిటైరైన రోజే చెప్పి ఉంటే బాగుండేది. అప్పుడు నేను అదే ఆఫీసులో ఉన్నాను, చెప్పలేదు. ఆయన అడగలేదు, నాకూ తట్టలేదు. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా ముందు ఇదే చెబుతున్నాను.

మీ నాయన పని పూర్తిగా మానేసినప్పుడు మాత్రం పీఎఫ్‌ను ఏళ్ల తరబడి వదిలేయకండి. రిటైరయ్యాక మూడేళ్లు దాటితే ఖాతాకు వడ్డీ ఆగిపోతుంది. ఉద్యోగం మానేశాక జమయ్యే వడ్డీ మీద పన్ను కూడా ఉంటుంది.

గ్రాట్యుటీలో గొడవ తక్కువ, మాయమాటలు ఎక్కువ. చివరి బేసిక్, డీఏలను 26తో భాగించి 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఆరు నెలలు దాటిన ముక్క ఏడాది కింద లెక్క. మీ నాయనకు 28 ఏళ్లు అనుకుంటే 18,000 మీద 2,90,769 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. "మళ్లీ ఇక్కడే చేస్తున్నావు కదా, అంతా కలిపి చివర్లో ఇస్తాం" అన్నారంటే ఒప్పుకోకండి. కాంట్రాక్టరు కింద చేరిన రోజు నుంచి ఆయన యజమాని వేరు. జీతం కూడా 14,000కు దిగింది. చివర్లో ఏ జీతం మీద, ఎన్నేళ్లకు, ఎవరిస్తారన్న తగాదా ఖాయం. లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో దీనికి అధికారి ఉంటారు, లాయరు లేకుండానే వెళ్లొచ్చు.

ఇక ఆ 14,000 పని. చేయాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. నేను చెప్పగలిగేది, అదే మనిషి, అదే మిషను, మర్నాటి నుంచి మూడో వంతు జీతం తగ్గడం న్యాయం కాదని. బేరమాడండి. కొత్తవాడికి ఆ పని నేర్పాలంటే వాళ్లకు ఏడాది పడుతుంది, ఆ సంగతి వాళ్లకూ తెలుసు. జీతం పెంచకపోయినా రాత్రి షిఫ్టు వద్దని, వారానికి ఒక రోజు సెలవు ఖచ్చితంగా కావాలని అడగండి. ఈ వయసులో రాత్రి షిఫ్టు తీసేది నిద్ర ఒక్కటే కాదు. బీపీ, షుగరు మాత్రలు వేసుకునే వేళలు తప్పుతాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో రిటైరయ్యాక సెక్యూరిటీ గార్డులుగా, అపార్టుమెంటు వాచ్‌మెన్‌గా పన్నెండు గంటలు నిలబడేవాళ్లు చాలామంది. వాళ్ల కాళ్ల వాపులు చూస్తే, పెద్దవాళ్లకు పని దొరకడం ఒకటే చాలదు, ఎట్లాంటి పని దొరుకుతుందన్నది చూడాలని తెలుస్తుంది.

కాగితం లేకుండా మాత్రం చేరవద్దు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని రాసిన నిర్ణీత కాల ఉద్యోగమైతే ఏడాది పూర్తయినా గ్రాట్యుటీ ఉంటుంది, ఐదేళ్లు ఆగక్కర్లేదు. అందుకే వీలైతే కాంట్రాక్టరు కింద కాకుండా కంపెనీయే నేరుగా రెండేళ్ల నిర్ణీత కాలానికి తీసుకోమని అడిగి చూడండి. కుదరకపోతే పత్రంలో జీతం, బేసిక్, పని గంటలు, పీఎఫ్, ఈఎస్ఐ రాయించుకోండి. మొదటి నెల జీతం స్లిప్ చేతికి రాగానే కోతలు చూడండి, రెండో నెల పాస్‌బుక్ తెరిచి ఆ డబ్బు పడిందా చూడండి.

ఈఎస్ఐ గురించి ఎక్కువమందికి తెలియని సంగతి ఒకటి. ఈఎస్ఐ జీతం పరిమితి 21,000 కాబట్టి మీ నాయన ఇప్పుడు అందులోనే ఉండాలి. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐలో ఉండి వయసు మీద రిటైరైన మనిషి ఏడాదికి 120 రూపాయలు కట్టి తానూ, భార్యా వైద్యం కొనసాగించుకోవచ్చు. నెలకు కాదు, ఏడాదికే 120. తిరుపతిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. మీ నాయన మళ్లీ పనిలో చేరితే జీతంలో కోత పడుతూ వైద్యం అట్లే నడుస్తుంది. చేరకపోతే ఈ 120 మర్చిపోవద్దు.

ఇప్పుడు కాగితాలు. పెన్షన్‌కు 10డి ఫారం. దానికి ముందు మూడు చూసుకోండి. పీఎఫ్ రికార్డులో పుట్టిన తేదీ, ఆధార్‌లో తేదీ ఒకటేనా. రిటైరైన తేదీ, కారణం కంపెనీ సరిగ్గా ఎక్కించిందా. పాత కంపెనీల సర్వీసు ఏదైనా ఉంటే ఈ ఖాతాలోకి వచ్చిందా. తేదీ తేడా ఉంటే ఇప్పుడే, ఆయన ఇంకా రోల్స్‌లో ఉండగానే జాయింట్ డిక్లరేషన్ (కంపెనీ, ఉద్యోగి కలిసి ఇచ్చే సవరణ దరఖాస్తు) పెట్టించండి. రిటైరయ్యాక కంపెనీ సంతకం కోసం తిరగడం ఎంత కష్టమో తిరిగినవాళ్లకే తెలుసు.

58 నిండిన తర్వాత కూడా కంపెనీ అలవాటుగా 8.33 పెన్షన్ ఖాతాకు పంపిస్తే అదొక పెద్ద చిక్కు. ఈ తప్పు నేనే ఒకసారి చేశాను. మా రిజిస్టరులో ఒకాయన పుట్టిన సంవత్సరం తప్పు పడింది. 58 దాటిన 14 నెలల పాటు డబ్బు పెన్షన్‌కే పంపాను. ఆయన 10డి పెట్టగానే ఆగిపోయింది. ఆ డబ్బును పీఎఫ్‌లోకి మార్పించి, లెటర్లు రాసి, పెన్షన్ మొదలయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నాకదే ఎక్కువ బాధ. అందుకే 58 నిండిన నెల నుంచి పాస్‌బుక్‌లో పెన్షన్ గడి సున్నా ఉందో లేదో మీరే చూడండి.

అన్నీ సరిగా ఉన్న క్లెయిమ్‌ను 20 రోజుల్లో తేల్చాలన్నది నియమం. దాటితే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. ప్రతి నెలా 27న జిల్లాల్లో "నిధి ఆప్కే నికట్" అని పీఎఫ్ వాళ్లు శిబిరం పెడతారు, కాగితాలతో అక్కడికి వెళితే మనిషితో మాట్లాడొచ్చు. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు శాఖలోనైనా ఈ పెన్షన్ తీసుకునే ఏర్పాటు వచ్చింది కాబట్టి ఫలానా బ్యాంకులోనే ఖాతా తెరవాలన్న టెన్షన్ ఇప్పుడు లేదు.

మీ నాయనకు అవసరం లేకపోయినా, ఇది చదివే వేరేవాళ్ల కోసం రెండు సంగతులు రాస్తాను. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, కానీ ఆరు నెలలు దాటిన ముక్కను ఏడాదిగా లెక్కేస్తారు. అంటే తొమ్మిదిన్నర ఏళ్లు నిండితే పెన్షన్ వస్తుంది. పుత్తూరు నుంచి ఒకామె వచ్చింది, బట్టల కంపెనీలో పని, మోకాళ్ల నొప్పులతో మానేస్తానంది. లెక్క చూస్తే తొమ్మిదేళ్ల ఐదు నెలలు. "అమ్మా, ఇంకొక్క రెండు నెలలు ఎట్లయినా చేయి" అని బతిమాలాను. చేసింది. ఇప్పుడు నెల నెలా పెన్షన్ పడుతోంది, చిన్నదే, కానీ ఆమె పేరు మీద ఆమె సంపాదన. ఆ రోజే మానేసి 10సి (పెన్షన్ డబ్బు ఒక్కసారే తీసేసుకునే ఫారం) పెట్టి ఉంటే ఒక్కసారి కొంత డబ్బు వచ్చి అంతటితో అయిపోయేది.

రెండోది చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వాళ్లకు. తోతాపురి సీజన్లో మూడు నాలుగు నెలలే పని ఉంటుంది కాబట్టి పదేళ్లు ఎన్నటికీ నిండవని వాళ్లు అనుకుంటారు. సీజన్ పనివాళ్లకు ఒక ఏడాదిలో ఎన్ని నెలలు చేసినా ఆ ఏడాదిని పూర్తి ఏడాదిగానే లెక్కించాలని పథకంలోనే రాసి ఉంది. బంగారుపాళ్యం నుంచి వచ్చిన ఒక బాయిలర్ ఆపరేటరుకు ఇది తెలియక, ప్రతి సీజన్ చివరా పెన్షన్ డబ్బు తీసేసుకుంటూ వచ్చాడు. అట్లా తీసిన ప్రతిసారీ ఆ సర్వీసు తుడిచిపెట్టుకు పోతుంది. తీయకుండా ఉంచిన చివరి పదకొండు సీజన్లే ఆయన్ను కాపాడాయి.

ఆయనదే ఇంకో కష్టం. పెన్షన్ వచ్చాక ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆవిరి పైపులు పట్టుకుని పట్టుకుని ఆయన వేళ్ల మీద గీతలే లేవు. నెట్ సెంటరులో ఆ చిన్న గాజు మీద బొటనవేలు పెడతాడు, ఎర్ర లైటు వెలుగుతుంది, తీస్తాడు, పంచె కొంగుకు తుడుచుకుంటాడు, మళ్లీ పెడతాడు. పదివేళ్లూ అయ్యాయి. "నేను బతికే ఉండాను కదా సామీ" అన్నాడు. ఆయన్ను బయటికి తీసుకొచ్చి, వేపచెట్టు నీడ దాటి వెలుతురు ఉన్నచోట నిలబెట్టి, ఫోన్లో మొహం చూపించే పద్ధతిలో ప్రయత్నించాం. రెప్ప ఒకసారి వేయమంది, వేశాడు, రెండు నిమిషాల్లో అయిపోయింది. మీ నాయనకూ వేలిముద్రలు పడకపోతే ఆ దారి ఉంది. ఈ పెన్షన్‌కు నవంబరు దాకా ఆగక్కర్లేదు, ఏ నెలలో ఇచ్చినా అప్పటి నుంచి ఏడాది చెల్లుతుంది.

గ్రాట్యుటీ డబ్బు ఎక్కడ పెట్టాలని మీరు అడగలేదు, అయినా చెబుతా. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం మామూలుగా 60 దాటినవాళ్లకు. 55 దాటి రిటైరైనవాళ్లు, రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు అయితే 60 లోపే చేరవచ్చు. ఇది రాసేనాటికి వడ్డీ 8.2 శాతం, లక్షకు మూడు నెలలకోసారి 2,050 చేతికొస్తుంది. పెన్షన్ 4,200కు ఇది తోడైతే ఇంట్లో ఇద్దరి మందులు, కరెంటు బిల్లు ఎవరినీ అడగకుండా వెళ్లిపోతాయి. బంధువుల చీటీల్లో, తెలిసినవాళ్ల ఫైనాన్సుల్లో ఈ డబ్బు పెట్టనివ్వకండి. రిటైరైన వారంలో అప్పటిదాకా ఫోన్ చేయనివాళ్లు కూడా వస్తారు.

చివరగా మీ అమ్మ గురించి. మీ నాయన తర్వాత ఆయన పెన్షన్‌లో సగం ఆమెకు వస్తుంది. రావాలంటే రికార్డులో ఆమె పేరు సరిగ్గా ఉండాలి. మన వైపు పెళ్లినాటి పేరు ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి. పీఎఫ్‌లో మునెమ్మ అని, ఆధార్‌లో మునిలక్ష్మి అని ఉన్న కేసులు నా అలమారాలో ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి. భర్త పోయిన దుఃఖంలో ఆ తల్లులు తాము తామేనని నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఈ ఆదివారం మీ నాయనను, అమ్మను కూర్చోబెట్టి ఇద్దరి ఆధార్, ఆమె బ్యాంకు పాస్‌బుక్, పీఎఫ్ ఈ-నామినేషన్ (ఆన్‌లైన్‌లో ఇచ్చిన వారసుల వివరాలు) పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. 10డి ఫారానికి ఇద్దరూ కలిసి దిగిన ఫోటో కావాలి, అది కూడా అదే రోజు తీయించేయండి.